తోక చెప్పేది ఒకటి, లోపలున్నది ఒకటి

ఎవరింట్లోనైనా వంటింటి అలమర తెరిచి చూడండి. హార్లిక్సు సీసాలో ధనియాలపొడి ఉంటుంది. బోర్నవీటా డబ్బాలో మినప్పప్పు ఉంటుంది. బిస్కట్ల డబ్బా మూత తీస్తే సూదీ దారమూ, ఊడిన గుండీలూ పలకరిస్తాయి. ఇంటి ఇల్లాలికి ఇందులో ఇబ్బందేమీ లేదు. ఏ డబ్బాలో ఏమున్నదో చీకట్లో అడిగినా చెప్పగలదు. చిక్కంతా కొత్తగా కాపరానికి వచ్చిన కోడలిది. సీసా మీది పేరు నమ్మి మామగారి పాలలో రెండు చెంచాల ధనియాలపొడి కలిపిందంటే తప్పు ఎవరిదంటారు? కోడలిదా, సీసాదా, సీసాకు ఆ పేరు ఉంచేసిన అత్తగారిదా?

ఇప్పుడు ఇంటింటా ఉన్న కంప్యూటరూ, చేతచేతా ఉన్న ఫోనూ ఇటువంటి కొత్త కోడళ్ళే. చెప్పిన పని చెప్పినట్లు చేస్తాయి. అలుపన్నది ఎరగవు. కాని సరుకును గుర్తుపట్టవలసి వచ్చేసరికి ముందుగా డబ్బా మీద పేరే చూస్తాయి. ఆ పేరు ప్రతి ఫైలు పేరుకూ చివర ఉంటుంది. ఒక చుక్క, చుక్క తర్వాత మూడు నాలుగు ఇంగ్లీషు అక్షరాలు. ఫొటో అయితే జేపీజీ, పత్రం అయితే పీడీఎఫ్, టైపు చేసిన ఉత్తరం అయితే డీఓసీఎక్స్. దీనిని ఎక్స్‌టెన్షన్ అంటారు. మనం హాయిగా తోక అనుకుందాం.

ఇంటర్నెట్టు నుంచి సరుకు మోసుకువచ్చి మన ఇంట్లో దించే పనివాడు బ్రౌజరు. పనివాడు మంచివాడే. కాని ఒక్కొక్కసారి సరుకు సవ్యంగానే తెచ్చి, దానికి తప్పు తోక తగిలిస్తాడు. ఆ చిన్న తప్పుతో పట్టాలు పుచ్చుకున్నవాళ్ళు కూడా తలలు పట్టుకుంటున్నారు. అంతటితో పోతే బాగుండును. ఈ తోకల మాటునే మన బ్యాంకు ఖాతాలకు కన్నం వేసే ఘనులు కూడా బయలుదేరారు. అందుచేత ఈ వారం తోకల సంగతి కాస్త వివరంగా తెలుసుకోవడం మనకు అవసరం.

ఉదాహరణకు పోచంపల్లి వెళదాం. హైదరాబాదుకు తూర్పున ఇంచుమించు 50 కిలోమీటర్ల దూరాన ఉన్న ఊరది. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో ఉండేది, 2016 నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు అక్కడ భూమిలేని హరిజనుల మొర విని సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. అప్పటినుంచి అది భూదాన్ పోచంపల్లి అయింది. ఊరిపేరు ముందు చేరిన ఆ మాట ఉత్త అలంకారం కాదు. దాని వెనుక నూరెకరాల సరుకున్నది. పేరంటే అలా ఉండాలి.

ఆ ఊళ్ళో ఒక నేతగాని ఇల్లు అనుకోండి. ముందు గదిలో మగ్గం. కూతురు డిగ్రీ పూర్తిచేసింది. ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి. ఆనాడే ఆఖరు తేదీ. స్టూడియోవారు ఆమె ఫొటోను ఈమెయిల్లో పంపారు. అది కంప్యూటరులో దించుకున్నది. దరఖాస్తులో జేపీజీ ఫొటో మాత్రమే పెట్టమన్నారు. పెట్టబోతే ఎర్రక్షరాలతో "చెల్లదు" అని వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ చెల్లదన్నది. చూడబోతే ఫొటో బ్రహ్మాండంగా కనిపిస్తున్నది. బొట్టు కూడా స్పష్టంగా ఉన్నది. ఎందుకు చెల్లదో చెప్పే నాథుడు లేడు. ఆఖరికి తమ్ముడు వచ్చి చూశాడు. ఫైలు తోక జేపీజీ కాదు, జే, ఎఫ్, ఐ, ఎఫ్ అని ఉన్నది.

"అక్కా, గింత దానికి పరేషాన్ ఎందుకే? తోక మారుస్తే అయిపాయె" అన్నాడు వాడు. ఆ నాలుగక్షరాలు చెరిపి జేపీజీ అని రాశాడు. దరఖాస్తు చక్కగా పోయింది. వాడు ఇంట్లో ఇంజనీరు అయిపోయాడు.

వారం తిరిగింది. తండ్రి నేసిన చీర ఫొటోను ఒక దుకాణంవారు అడిగారు. తమ్ముడు ఇంటర్నెట్టులో తాము పెట్టిన బొమ్మనే దించాడు. ఈసారి తోక వెబ్‌పీ అని ఉన్నది. వాడికి విద్య తెలుసును గదా! తోక చెరిపి జేపీజీ అని రాసి పంపాడు. దుకాణంవారి కంప్యూటరు ఆ బొమ్మను తెరవనన్నది. "బాపూ, నేను మంచిగనే మార్చిన" అంటాడు వాడు. మార్చిన మాట నిజమే. మొన్న పనిచేసిన మంత్రం ఇవాళ ఎందుకు పారలేదు?

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే తోకల పురాణంలో సగం తెలిసినట్లే.

అసలు ఈ తోక ఎక్కడిది? వెనుకటి చిన్న కంప్యూటర్లలో ఫైలు పేరుకు ఎనిమిది అక్షరాలు, ఆ తర్వాత రకానికి మూడక్షరాలు అని చోటు కట్టి ఉంచారు. 1981లో వచ్చిన ఎంఎస్-డాస్ కూడా అదే పద్ధతిని పట్టుకున్నది. 1995లో విండోస్ 95 వచ్చి పేర్లు పొడుగ్గా పెట్టుకోండని సెలవిచ్చింది గాని, తోకను మాత్రం కత్తిరించలేదు. ఏ ఫైలును ఏ ప్రోగ్రాముతో తెరవాలో విండోస్ ఈనాటికీ తోకను చూసే నిర్ణయిస్తుంది. గమనించండి. తోక అన్నది పేరులో ఒక భాగం మాత్రమే. సరుకులో భాగం కాదు. సీసా మీద చీటీ వంటిది. చీటీ చింపి వేరే చీటీ అంటించినంత మాత్రాన ధనియాలపొడి హార్లిక్సు అవుతుందా?

ఇక సరుకు మన ఇంటికి వచ్చే దారి చూద్దాం. బజారునుంచి బస్తా వస్తే దాని వెంట ఒక బిల్లు వస్తుంది గదా. ఇంటర్నెట్టులో కూడా అంతే. దూరాన ఉన్న సర్వరు అనే గిడ్డంగి మనకు ఫైలును పంపుతూ, వెంట ఒక చీటీ పెడుతుంది. "ఇందులో ఉన్నది జేపెగ్ బొమ్మ", "ఇందులో ఉన్నది పీడీఎఫ్ పత్రం" అని. ఈ చీటీల పద్ధతిని మొదట ఈమెయిలు కోసం నథానియల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు కలిసి రూపొందించి 1992లో ప్రకటించారు. తర్వాత ఇంటర్నెట్టు అంతా దానినే స్వీకరించింది.

కనుక బ్రౌజరు ముందు ముగ్గురు సాక్షులు నిలబడతారు. చిరునామా చివర ఉన్న తోక మొదటి సాక్షి. గిడ్డంగివారి చీటీ రెండవ సాక్షి. సరుకు స్వయంగా మూడవ సాక్షి. ముగ్గురూ ఒకే మాట చెబితే తగవు లేదు. ముగ్గురూ మూడు చెప్పినప్పుడే వస్తుంది తంటా.

కూతురి ఫొటో సంగతి తీసుకోండి. చీటీలో జేపెగ్ బొమ్మ అని సరిగానే ఉన్నది. జేపెగ్ బొమ్మకు ఏ తోక తగిలించాలి అని బ్రౌజరు విండోస్‌ను అడిగింది. విండోస్ దగ్గర రిజిస్ట్రీ అని ఒక పెద్ద చిట్టా ఉంటుంది. కొన్ని కంప్యూటర్లలో ఆ చిట్టాలో జేపెగ్ ఎదురుగా జేపీజీ అని కాక జేఎఫ్ఐఎఫ్ అని రాసి ఉంటుంది. బ్రౌజరు అదే తగిలించింది. జేఎఫ్ఐఎఫ్ అన్నది అబద్ధం కూడా కాదు. జేపెగ్ బొమ్మను ఫైలులో సర్దిపెట్టే పద్ధతికి 1992 నాటి పేరే అది. ఒకే మనిషికి బడిలో ఒక పేరూ, ఇంట్లో ముద్దుపేరూ ఉన్నట్లు. లోపల ఉన్నది జేపెగ్ బొమ్మే కనుక తమ్ముడు తోక మార్చడం తప్పును దిద్దడమే అయింది. దరఖాస్తు అందుకే పోయింది.

చీర ఫొటో సంగతి వేరు. వెబ్‌పీ అనేది గూగుల్ కంపెనీ 2010లో బయటపెట్టిన మరో బొమ్మల పద్ధతి. జేపెగ్ బొమ్మకంటే ఇది 25 నుంచి 34 శాతం వరకు చిన్నదిగా ఉంటుందని వారి లెక్క. బొమ్మ చిన్నదైతే త్వరగా వస్తుంది, ఖర్చు తగ్గుతుంది. అందుచేత చాలా గిడ్డంగులు మనం జేపీజీ అడిగినా, మన బ్రౌజరుకు వెబ్‌పీ చదవడం వచ్చునని గ్రహించి లోపల వెబ్‌పీ సరుకు పెట్టి పంపుతున్నాయి. చిరునామాలో జేపీజీ అని ఉంటుంది. వచ్చేది వెబ్‌పీ. ఇక్కడ తోక మారిస్తే తప్పును దిద్దినట్లు కాదు, కొత్త తప్పును సృష్టించినట్లు. కొన్ని ప్రోగ్రాములు తోకను లెక్కచేయక లోపల చూసి బొమ్మను తెరుస్తాయి. కొన్ని తెరవవు. దుకాణంవారిది తెరవని రకం.

చేసిన పని ఒక్కటే, ఫలితాలు రెండు. మొన్న తోక మారితే పేరూ సరుకూ కలిశాయి. ఇవాళ తోక మారితే పేరూ సరుకూ విడిపోయాయి. పారని మంత్రం రహస్యం ఇంతే.

ఇటువంటివి ఇంకా ఉన్నాయి. మైక్రోసాఫ్టువారు 2007 ఆఫీసుతో డీఓసీఎక్స్ అనే కొత్త రకం పత్రాలు తెచ్చారు. చాలా గిడ్డంగులకు ఈ కొత్త సరుకు పేరు తెలియదు. చీటీ సరిగా రాయలేకపోయాయి. ఆనాటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజరు చీటీని నమ్మక సరుకును వాసన చూసేది. డీఓసీఎక్స్ ఫైలు నిజానికి చాలా చిన్న ఫైళ్ళను జిప్ పద్ధతిలో కట్టిన మూట. ఆ మూట ముడి చూసి, "ఓహో, ఇది జిప్" అని జిప్ తోక తగిలించేది. కొడుకు అమెరికా నుంచి పంపిన పత్రాన్ని తెరిస్తే తండ్రికి ఉత్తరానికి బదులు అర్థంకాని సంచులూ, చిల్లర కాగితాలూ కనబడేవి. తోకను మళ్ళీ డీఓసీఎక్స్ అని మారిస్తే ఉత్తరం ఉత్తరంలాగే ఉండేది. ఆ బ్రౌజరుకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్టువారు పదవీవిరమణ ఇచ్చారు. కాని చీటీ సరిగా రాయని గిడ్డంగులు ఇంకా సర్వీసులోనే ఉన్నాయి. హాల్ టికెట్టు దించుకుంటే చివర పీడీఎఫ్ అని కాక పీహెచ్‌పీ అని ఉండి తెరుచుకోని అనుభవం మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. పీహెచ్‌పీ అన్నది ఆ కాగితాన్ని తయారుచేసి ఇచ్చిన ప్రోగ్రాము తోక. లోపల ఉన్నది నిక్షేపంలాంటి పీడీఎఫ్.

"అయితే లోపల ఏమున్నదో తెలిసేదెట్లా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు పోచంపల్లిలో చీరలు కొనే ఇల్లాళ్ళకు బాగా తెలుసును. వారు చీర మీద అంటించిన కాగితం చూసి ఊరుకోరు. చీర చెంగు తిరగవేసి చూస్తారు.

పోచంపల్లి చీరలో బొమ్మ నేసిన తర్వాత అద్దినది కాదు. ముందుగా నూలును ఆసు మీద చాచి, బొమ్మ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోట రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్లు విప్పి, మరోచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. ఎన్ని రంగులో అన్ని కట్లు. అలా రంగు పోగులోనే ఇంకిపోయిన తర్వాత ఆ నూలు మగ్గమెక్కుతుంది. పోగు పోగులో బొమ్మ ఉన్నది కనుక చీర ఏ పక్క చూసినా ఒకటే తీరు. బొమ్మ అంచులు కాస్త చెదిరి, నీటిలో నీడలాగా ఉంటాయి. మిల్లులో అచ్చువేసిన గుడ్డ ముందు పక్క మిలమిలలాడుతుంది, తిరగవేస్తే వెలవెల పోతుంది. పోచంపల్లి ఇక్కత్ అన్న పేరుకు 2004-05లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరును ఇష్టం వచ్చిన గుడ్డకు తగిలించడానికి వీలులేదని చట్టమే చెప్పింది. చట్టం ఎందుకు చెప్పవలసి వచ్చింది? పేరు అంటించడం సులువు గనుక. పోగులో రంగు ఇంకించడం నెలల కష్టం గనుక. అచ్చుగుడ్డకు పోచంపల్లి అని చీటీ వేస్తే నష్టపోయేది కొన్న ఇల్లాలు ఒక్కతే కాదు. నిజంగా నేసినవాడి కూలి కూడా అక్కడే పోతుంది.

ఫైలునూ అట్లాగే తిరగవేసి చూడవచ్చును. చాలా రకాల ఫైళ్ళకు లోపల మొట్టమొదట కొన్ని గుర్తులు ఉంటాయి. అవి పోగులో ఇంకిన రంగులాంటివి. తోక మార్చినా అవి మారవు. పీడీఎఫ్ ఫైలు మొదట శాతం గుర్తు, వెంటనే పీ, డీ, ఎఫ్ అనే అక్షరాలు ఉంటాయి. జేపెగ్ బొమ్మ 255, 216 అనే అంకెలతో మొదలవుతుంది. వెబ్‌పీ బొమ్మ ఆర్, ఐ, ఎఫ్, ఎఫ్ అని మొదలై, కాస్త ముందుకు పోయాక వెబ్‌పీ అని తన పేరు తానే చెప్పుకుంటుంది. జిప్ మూట పీ, కే అనే రెండక్షరాలతో మొదలవుతుంది. 1989లో ఆ మూట కట్టే పద్ధతిని కనిపెట్టిన ఫిల్ కాట్జ్ తన పేరులోని మొదటి అక్షరాలను అక్కడ శాశ్వతంగా ఉంచిపోయాడు. యూనిక్స్ కంప్యూటర్లలో 1973 నుంచే ఒక చిన్న ప్రోగ్రాము ఉన్నది. ఫైలును ఇస్తే తోకను నమ్మక, లోపల చూసి ఇది ఫలానా అని చెబుతుంది.

ఈ గుర్తులు చూడటానికి మీరు కంప్యూటరు శాస్త్రం చదవనక్కరలేదు. తెరుచుకోని ఫైలును నోట్‌ప్యాడ్ వంటి సాదా ప్రోగ్రాములో తెరవండి. అంతా పిచ్చిగీతలు కనిపిస్తాయి. భయపడకండి. మొదటి పంక్తి మొదటి అక్షరాలు మాత్రం చూసి, ఏదీ మార్చకుండా, భద్రపరచకుండా మూసివేయండి. పీడీఎఫ్ అని కనిపిస్తే తోకను పీడీఎఫ్ చేయండి, తెరుచుకుంటుంది. వెబ్‌పీ అని కనిపించి, మీకు జేపీజీ కావలసి ఉంటే తోకను ముట్టుకోకండి. ఆ బొమ్మను పెయింట్ వంటి ప్రోగ్రాములో తెరిచి, మరో రకంగా భద్రపరచమని చెప్పి జేపెగ్ ఎంచుకోండి. అప్పుడు సరుకే మారుతుంది. పేరు దానంతట అదే సరిగా వస్తుంది.

ఇంతవరకు చెప్పుకున్నది అమాయకపు తప్పుల సంగతి. ఇక కావాలని చేసే మోసం సంగతి వినండి. ఇది ప్రతి ఇంట్లోనూ పెద్దలకూ పిల్లలకూ చదివి వినిపించవలసినది.

2000 మే 4వ తేదీన ప్రపంచమంతటా ఎందరికో ఒక ఈమెయిలు వచ్చింది. "నిన్ను ప్రేమిస్తున్నాను" అని శీర్షిక. వెంట ఒక ప్రేమలేఖ. ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని ఉన్నది. అంటే ఉత్త అక్షరాల కాగితం, ఏ హానీ లేనిది. కాని దాని తర్వాత ఇంకొక చుక్క, ఇంకొక తోక ఉన్నది. వీబీఎస్ అని. అది కంప్యూటరుచేత పనులు చేయించే ప్రోగ్రాము తోక. విండోస్ తనకు తెలిసిన తోకలను చూపక దాచిపెడుతుంది, చూసేవారికి పేరు శుభ్రంగా ఉంటుందని కాబోలు! ఆ దాపరికంలో వీబీఎస్ మాయమై, టీఎక్స్‌టీ ఒక్కటే కనిపించింది. ప్రేమలేఖ అని తెరిచినవారి కంప్యూటరులోని ఫొటోల ఫైళ్ళను తినేసి, వారి చిట్టాలో ఉన్న బంధుమిత్రులందరికీ అదే ప్రేమలేఖను పంపింది. మనీలాలో పుట్టిన ఆ చీడ కొద్ది రోజులలోనే లక్షలాది కంప్యూటర్లకు పాకింది.

ఇక్కడ ఒక తిరకాసు గమనించారా? మన చీర ఫొటోలో తోక అబద్ధం చెప్పింది, సరుకు నిజం. ప్రేమలేఖలో ఆఖరి తోక నిజమే చెప్పింది. దానికి ముందున్న పేరు అబద్ధం. చూడవలసిన నిజాన్ని దాచి, చూడకూడని అబద్ధాన్ని మన కళ్ళకు కట్టారు.

ఆ ప్రేమలేఖే ఇప్పుడు పెళ్ళి శుభలేఖగా మళ్ళీ పుట్టింది. 2024 నవంబరులో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు ప్రజలను హెచ్చరించారు. వాట్సప్‌లో పెళ్ళిపిలుపు అని ఒక ఫైలు వస్తుంది. తోక ఏపీకే అని ఉంటుంది. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో ఎక్కించే ప్రోగ్రాము. శుభలేఖ చూద్దామని నొక్కి, ఫోను అడిగిన ప్రతిదానికీ సరే అంటే, ఒక దొంగ ఫోనులో కాపురం పెడతాడు. మీకు వచ్చే సందేశాలు చదువుతాడు. బ్యాంకువారు పంపే రహస్యపు అంకెలు కూడా అందులోనివే గదా.

మన ఇళ్ళలో మాఘమాసం వచ్చిందంటే రోజుకు నాలుగు శుభలేఖలు. ఎవరి అబ్బాయో, ఏ వరస బంధువో గుర్తులేకపోయినా తెరిచి చూడటం మన మర్యాద. దొంగ ఆ మర్యాద మీదనే వల వేశాడు. అందుచేత ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. శుభలేఖ బొమ్మగా రావచ్చును, పీడీఎఫ్‌గా రావచ్చును, వీడియోగా రావచ్చును. ఏపీకేగా రావడానికి దానికి ఏ కారణమూ లేదు. తెలియనిచోటి నుంచి యాప్ ఎక్కించమంటారా అని ఫోను అడిగిందంటే అది మీ మేలుకోరి అడుగుతున్నది. వద్దనండి. పంపినవారు సొంత మేనమామే అయినా ఫోనుచేసి, "మామయ్యా, మీరే పంపారా?" అని అడగండి. ఆయన ఫోనులో అప్పటికే దొంగ చేరి ఉండవచ్చును. పొరపాటున నొక్కి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును దారిలో ఆపడానికి అంత వీలుంటుంది.

మరి ఏపీకేను కూడా తిరగవేసి చూస్తే సరిపోదా? సరిపోదు. ఏపీకే కూడా జిప్ మూటే. అదీ పీ, కే అనే మొదలవుతుంది. మంచి డీఓసీఎక్స్ ఉత్తరానికీ, దొంగ ఏపీకేకూ మూటముడి ఒక్కటే. చెంగు తిరగవేయడం చాలా అవసరం గాని, రెండు పక్కలా అచ్చువేసిన గుడ్డ కూడా బజారులో ఉంటుంది. అందుచేత సరుకునూ చూడాలి, పేరు మొత్తమూ చదవాలి, తెచ్చినవాడెవడో కూడా కనుక్కోవాలి. మూడు ముళ్ళూ పడితేనే పెళ్ళి.

ఇల్లాలి జాగ్రత్త ఇల్లాలు పడుతుంది. గిడ్డంగివారి బాధ్యత మాటేమిటి? దరఖాస్తులు పుచ్చుకునే కార్యాలయాలు తోకను చూసి ఫొటోను తిప్పికొట్టడమెందుకు? లోపల చూస్తే జేపెగ్ అని ఒక్క క్షణంలో తెలిసేది. తిప్పికొట్టినా, "చెల్లదు" అనడానికి బదులు "మీ ఫైలు ఫలానా రకంగా ఉన్నది, ఇలా మార్చి పంపండి" అని తెలుగులో ఒక్క వాక్యం రాస్తే వారి సొమ్మేం పోతుంది? ఆఖరు తేదీ రాత్రి పదకొండు గంటలకు పల్లెటూరి పిల్ల ఎవరిని అడుగుతుంది? తమ్ముడున్న పిల్ల గట్టెక్కింది. తమ్ముడు లేని పిల్ల మాటేమిటి? పైగా తోకను మాత్రమే చూసే కాపలావాడు రెండు విధాల చెడ్డవాడు. నిజమైన ఫొటోను వాకిట్లోనే ఆపుతాడు. జేపీజీ తోక తగిలించుకువచ్చిన దొంగను దండంపెట్టి లోపలికి పంపుతాడు.

చీటీలు సరిగా రాయడం కూడా వారి పనే. బ్రౌజర్లు సరుకును వాసన చూసి సొంత తీర్పు చెప్పడంలో ప్రమాదం ఉన్నదని, "నా చీటీనే నమ్ము, వాసన చూడవద్దు" అని గిడ్డంగి బ్రౌజరును ఆదేశించే ఏర్పాటు 2008లో మైక్రోసాఫ్టువారే తెచ్చారు. మంచి ఏర్పాటే. కాని చీటీని నమ్మమన్నవాడు చీటీని సరిగా రాయవద్దా?

మీ కంప్యూటరులో ఇవాళే ఒక పని చేయండి. ఫైళ్ళు చూపించే కిటికీలో వ్యూ అనే మాట నొక్కితే, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అని ఒకటి కనిపిస్తుంది. విండోస్ 11 అయితే వ్యూలో షో అనే దాని కింద ఉంటుంది. దానికి టిక్కు పెట్టండి. అంతవరకు దాగిన తోకలన్నీ బయటపడతాయి. మొదట కాస్త వికారంగా ఉంటుంది. రెండు రోజులలో అలవాటవుతుంది. ఆపైన ఏ పేరైనా కుడివైపు చివరిదాకా చదవడం నేర్చుకోండి. ఆఖరి చుక్క తర్వాత ఉన్నదే అసలు తోక. దానికి ముందు ఎన్ని చుక్కలున్నా అవి ఉత్త వేషం. ఇక తోక మార్చబోయే ముందు ఒక నకలు తీసి ఉంచుకోండి. మార్చింది తప్పైనా అసలు పోదు.

పోచంపల్లిలో చీర బేరమాడే ఇల్లాలు చీటీ చదువుతుంది, చెంగు తిరగవేస్తుంది, నేసింది ఎవరని అడుగుతుంది. ఈ మూడింటికీ రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు ఫైలుకూ ఇద్దాం.